డాఫ్నే దీవి డైరీ: అర మిల్లీమీటరు వెనక నాలుగు నెలలు

జనవరి 11

కొత్త ప్రాజెక్టు మొదలైంది. పసిఫిక్ సముద్రంలో, ఈక్వడార్ తీరానికి దాదాపు 1,000 కిలోమీటర్ల అవతల గలాపగోస్ దీవులున్నాయి. వాటిలో డాఫ్నే మేజర్ అని ఒక చిన్న దీవి. దాని మీద బతికే ఫించ్ పక్షులకు నలభై ఏళ్లలో ఏమైందో, అదంతా నా లాప్‌టాప్‌లో మళ్లీ జరిగేలా చెయ్యాలని కోరిక.

దీవి చాలా చిన్నది. 34 హెక్టార్లు, 120 మీటర్ల ఎత్తు. అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి కొండయింది, మధ్యలో గిన్నెలాంటి గొయ్యి. తాగడానికి నీళ్లు లేవు. పడవకి రేవు లేదు. కెరటంతో పాటు పడవ పైకి లేచినప్పుడే రాతి గట్టు మీదికి దూకాలి. ఇలాంటి చోటికి పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో వెళ్లారు, 2012 దాకా ఏటా వెళ్తూనే ఉన్నారు. వాళ్లూ, వాళ్ల విద్యార్థులూ పక్షుల్ని సన్నటి వలల్లో పట్టి, కాళ్లకి నంబరు రింగూ రంగు రింగులూ తొడిగి, ముక్కు కొలిచి వదిలేవారు. ఏ పక్షి ఎవరి బిడ్డో, ఏది ఏ ఏడాది తర్వాత మళ్లీ కనపడలేదో రాసుకున్నారు.

నన్ను పట్టుకున్నది అందులో ఒకే ఒక్క లెక్క. 1977లో అక్కడ కరువొచ్చింది. కరువుకి ముందు మధ్యరకం నేల ఫించ్‌ల ముక్కు మందం సగటున 9.42 మిల్లీమీటర్లు. కరువు దాటి బతికిన వాటి సగటు 9.96. తేడా అర మిల్లీమీటరు, అంటే సన్న ములుకు పెన్సిల్‌తో గీసిన గీతంత. ఆ గీత పడేలోపు దీవి మీద ఆ జాతి పక్షులు వందకి 85 లేకుండా పోయాయి.

ఇక్కడ మందం అంటే ముక్కు మొదట్లో పై అంచు నుంచి కింది అంచు దాకా ఉండే కొలత. డైరీ అంతా ఇదే మాట వాడతాను.

జనవరి 14

మొదటి వెర్షన్ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో ఏడాది, పక్కన సగటు ముక్కు మందం. కరువొస్తే సగటు కొంచెం పెరగాలి, వానలు బాగా పడితే కొంచెం తగ్గాలి. గ్రాఫ్ నున్నగా వచ్చింది. స్టాటిస్టిక్స్ చెప్పే మా అక్కకి పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"బాగుంది రా. మరి చచ్చిపోయినవి ఎక్కడున్నాయి ఇందులో?"

"సగటులోనే ఉన్నాయి కదక్కా."

"సగటు ఎక్కడన్నా చచ్చిపోతుందా? చచ్చేది పక్షి. నీ షీట్‌లో పక్షే లేదు."

షీట్ మూసేశాను. అక్క అన్నది నిజం. గ్రాంట్ దంపతులు అన్నేళ్లు ఆ రాయి మీద కూర్చుని రాసుకున్నది సగటు కాదు, ఒక్కో పక్షి సంగతి. సగటు చివర్లో వచ్చింది.

జనవరి 22

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్కో పక్షికి ఒక వరుస: రింగు నంబరు, ఆడా మగా, వయసు, ముక్కు మందం, తల్లి నంబరు, తండ్రి నంబరు. 1976లో డాఫ్నే మీద ఉన్నట్టే మధ్యరకం నేల ఫించ్‌లు, అంటే జియోస్పైజా ఫోర్టిస్, 1,200 పెట్టాను. సగటు 9.42, పక్షికీ పక్షికీ తేడా కోసం ప్రామాణిక విచలనం 0.9 అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి జరగాల్సినవి నాలుగు: వాన పడటం, గింజలు కాయడం, పక్షులు తినడమో పస్తులుండటమో, బతికినవి జతకట్టి పిల్లల్ని పెట్టడం. పిల్ల ముక్కు తల్లిదండ్రుల ముక్కులకి సరిగ్గా మధ్యలో ఉంటుందని రాశాను.

కరువు లేకుండా ఊరికే ఇరవై తరాలు నడిపి చూశాను. పదో తరానికల్లా పక్షులన్నీ 9.39కీ 9.45కీ మధ్యకి వచ్చేశాయి. లావు ముక్కూ లేదు, సన్న ముక్కూ లేదు. ఇక ఎంత కరువొచ్చినా ప్రకృతి ఏరుకోవడానికి ఏమీ మిగలదు.

జనవరి 25

బగ్ దొరికింది. నిజానికి అది 150 ఏళ్ల నాటి బగ్. తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్లలా కలిసిపోతాయనుకుంటే, తరం తరానికీ తేడాలు సగానికి సగం తగ్గిపోతాయి. 1867లో ఫ్లీమింగ్ జెన్‌కిన్ అనే ఇంజినీరు డార్విన్‌కి పెట్టిన చిక్కు ఇలాంటిదే: మంచి గుణం ఒకటి పుట్టినా నాలుగు తరాల్లో పలచబడిపోతుంది కదా, ఇక ప్రకృతి వరణం, అంటే పనికొచ్చే గుణమున్నవాటిని ప్రకృతి ఏరుకోవడం, దేని మీద పని చేస్తుంది? డార్విన్ దగ్గర గట్టి జవాబు లేదు. జవాబుకి కావాల్సింది అంతకు ఏడాది ముందే, 1866లో మెండెల్ బఠానీల మీద అచ్చేసిన వ్యాసంలో ఉంది. గుణాలు కలిసి కరిగిపోవు, విడివిడి పలుకుల్లా పిల్లకి చేరతాయి.

నా కోడ్‌లోనూ అదే మందు. ముక్కు మందానికి 20 జన్యు స్థానాలు పెట్టాను. పిల్ల ఒక్కో స్థానంలో తల్లి జన్యువుల నుంచి ఒకటి, తండ్రి జన్యువుల నుంచి ఒకటి, బొమ్మా బొరుసూ వేసి తీసుకుంటుంది. దాని మీద తిండిని బట్టి, ఎదిగిన తీరుని బట్టి కొంచెం తేడా. ఫోర్టిస్ ముక్కు మందానికి వంశపారంపర్యత సుమారు 0.8, అంటే పక్షికీ పక్షికీ ఉన్న తేడాల్లో వందకి 80 వంతులు జన్యువుల వల్లే. చాలా ఎక్కువ. అది వచ్చేలా సర్దాను. ఇరవై తరాలు నడిపితే తేడాలు దాదాపు అలాగే ఉన్నాయి. ఒకే తల్లిదండ్రులకి ఒక పిల్ల 8.9తో, ఇంకోటి 10.2తో పుట్టడం స్క్రీన్ మీద చూస్తుంటే చాలా సంతోషమేసింది.

ఫిబ్రవరి 2

కరువు పెట్టాను. 1976లో డాఫ్నే మీద 127 మిల్లీమీటర్ల వాన పడింది. 1977 వానాకాలంలో పడింది 24. ఆ ఏడాది ఫోర్టిస్ గూళ్లు కట్టనేలేదు. చిన్న మెత్తటి గింజల్ని ముందు ఊడ్చేశాయి. మిగిలినవి పెద్దవి, గట్టివి. వాటిలో ముఖ్యమైంది ట్రిబ్యులస్ సిస్టాయిడిస్ కాయ. ఆ పేరు వెతికి చూస్తే అది మన పల్లేరుకి దగ్గర చుట్టం, ఒకే ప్రజాతి. చెప్పుల్లేకుండా నడిచిన ప్రతి పాదానికీ తెలిసిన ఆ ముల్లే, ఎక్కడో పసిఫిక్‌లో ఒక పక్షి బతుకుని తేలుస్తోంది.

కోడ్‌లో ఒక గీత గీశాను: ముక్కు మందం ఇంతకంటే ఎక్కువుంటే కాయ పగులుతుంది, బతుకుతుంది. తక్కువైతే పగలదు, చచ్చిపోతుంది. 85 శాతం పోయేలా ఆ గీతని సర్దాను. బతికిన వాటి సగటు 10.8 వచ్చింది. డాఫ్నే మీద వచ్చింది 9.96.

ఎక్కడో తప్పుంది, అదీ పెద్ద తప్పు. ప్రకృతి నా కోడ్ అంత కచ్చితంగా కత్తిరించలేదు.

ఫిబ్రవరి 8

స్క్రీన్ ముందు ఎంత కూర్చున్నా తేలలేదు. పల్లేరు కాయ నేనే పగలగొట్టి చూడాలనుకున్నాను. ఎండిన కాయలు ఒక డబ్బా నిండా సంపాదించాను. దీవిలోది వేరే జాతి, కాయా కొంచెం పెద్దదే. అయినా నిర్మాణం ఒకటే.

కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్కని అరచేతిలో పెట్టుకుని చూశాను. మూడు పలకలు, రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు. ఎలా పడేసినా ఏదో ఒక ముల్లు పైకే నిలబడుతుంది. పైపెంకు చెక్కలా ఉంది, గోరు దిగదు. గింజలెక్కడున్నాయో బయట నుంచి అసలు తెలియదు.

పనిముట్లు రెండు: సన్న మూతి ప్లయర్, లావు మూతి కటింగ్ ప్లయర్. ఒక్కోదానితో 20 ముక్కలు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక్కో ముక్కకి గరిష్ఠంగా ఒక నిమిషం ఇచ్చాను.

లావు మూతితో 20కి 20 పగిలాయి. ఎక్కువ భాగం ఒక్క నొక్కుకే పటుక్కున విరిగాయి. సన్న మూతితో 20లో 7 మాత్రమే. కాయ పక్కకి జారిపోతుంది, లేదా ముల్లు అడ్డం పడి పట్టు దొరకదు. రెండుసార్లు కాయ ఎగిరి గది అవతల పడింది, ఒకసారి ముల్లు బొటనవేల్లో దిగింది. అయితే ఆ ఏడింటిలో నాలుగు నా బలంతో పగల్లేదు. ముక్కని ఒక మూల పట్టుకుని మెలి తిప్పితే ఆ మూల ఊడొచ్చింది, లోపల తెల్లటి గింజ కొన కనిపించింది. ఫోర్టిస్ కూడా సరిగ్గా ఇలాగే కాయ మూలని కొరికి, మెలిపెట్టి ఊడబెరుకుతుంది. గింజలన్నీ అందవు, ఒకటో రెండో దొరుకుతాయి. పెద్ద నేల ఫించ్, అంటే మాగ్నిరోస్ట్రిస్, నా కటింగ్ ప్లయర్‌లా కాయని నేరుగా చితక్కొడుతుంది.

పగిలిన ముక్కల్ని తెల్ల కాగితం మీద పరిచి చాలాసేపు చూశాను. గదుల్లా ఉన్న పెంకులో ఒకదాని పక్కన ఒకటి గింజలు, ఒక్కోటి నువ్వు గింజ కంటే సన్నం. దీనికోసమా ఇంత కష్టం అనిపించింది.

ఫిబ్రవరి 9

తేలింది. గీత ఉండకూడదు. సన్న మూతితో కూడా ఏడు పగిలాయి కదా. ముక్కు లావయ్యేకొద్దీ కాయ పగిలే అవకాశం పెరుగుతుంది, పగలగొట్టే సమయం తగ్గుతుంది, అంతే. దానికి తోడు అదృష్టం. ఒక లావు ముక్కు పక్షి కాయలు లేని వాలులో చిక్కుకుంటుంది. ఒక సన్న ముక్కు పక్షికి రాళ్ల సందులో ఎవరూ చూడని చిన్న గింజల కుప్ప దొరుకుతుంది.

గీత తీసేసి వాలు పెట్టాను. రోజూ ప్రతి పక్షీ వెతుకుతుంది, దొరికితే ప్రయత్నిస్తుంది, కడుపు నిండకపోతే బరువు తగ్గుతుంది. మోడల్‌ని మొదట్నుంచీ ఒకసారి నడిపితే ఒక రన్. 50 రన్‌ల సగటు 9.98. చేతులు వణికాయి. ఇంకో విషయం నేను అడక్కుండానే బయటపడింది. బతికిన వాటిలో మగవి ఎక్కువ. ఈ జాతిలో మగవి సగటున కొంచెం పెద్దవి కాబట్టి అలా అయింది. 1977 తర్వాత డాఫ్నే మీద జరిగిందీ అదే.

ఆ తర్వాతి ఏడాది పిల్లలు పుట్టించి చూస్తే వాటి సగటు 9.84. బతికినవాటి కంటే కొంచెం తక్కువ, పాత తరం కంటే బాగా ఎక్కువ. చచ్చిపోవడం వల్ల సగటు మారితే అది వరణం మాత్రమే. ఆ మార్పు పిల్లలకి దిగితేనే పరిణామం. చదువుకున్నప్పుడు ఇది ఒక నిర్వచనం. ఈ రాత్రి రెండు అంకెల మధ్య తేడాగా కనిపించింది.

ఫిబ్రవరి 20

1983. ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ నీళ్లు వేడెక్కి ఈ దీవుల్ని వానలు ముంచెత్తే ఏడాది. 24 మిల్లీమీటర్లు పడిన దీవి మీదే ఆ ఏడాది 1,359 మిల్లీమీటర్లు పడింది. కోడ్‌లో ఆ అంకె వెయ్యగానే ఫించ్‌లు 40,000 దాటాయి, లాప్‌టాప్ ఫ్యాన్ గోల పెట్టింది. ఒక మగ పక్షికి ఇంత చోటు కావాలని ఒక పరిమితి పెట్టాక అదుపులోకొచ్చింది.

ఇక్కడ వాన ఎంత పడిందనే దానికంటే, వాన తర్వాత ఏం మొలిచిందనేదే పెద్ద సంగతి. తీగలు విపరీతంగా పెరిగి పల్లేరునీ నాగజెముడునీ కప్పేశాయి. దీవి నిండా చిన్న గింజలు. ఆ తర్వాత మళ్లీ వానలు తగ్గినప్పుడు తిండి కరువైంది, కానీ ఈసారి మిగిలినవి చిన్న గింజలు. 1985 నాటికి బతికి బట్టకట్టినవి చిన్న ముక్కులవి. 1977లో ప్రాణం నిలిపిన ముక్కే ఎనిమిదేళ్లకి బరువైంది. లైల్ గిబ్స్, పీటర్ గ్రాంట్ 1987లో అచ్చేసిన ఫలితం ఇది.

నా మోడల్‌లోనూ సగటు వెనక్కి తిరిగింది, కొంచెం ఆలస్యంగా. గింజలు నేలలో ఎన్నేళ్లు నిలవ ఉంటాయో నేను ఎక్కువ వేశాననుకుంటా. సరిచెయ్యాలి.

మార్చి 6

కొత్తవాళ్లు వచ్చారు. 1982 చివర్లో మాగ్నిరోస్ట్రిస్ డాఫ్నే మీద మొదటిసారి కాపురం పెట్టింది. రెండు ఆడవి, మూడు మగవి. నేనూ అయిదే పెట్టాను.

100 రన్‌లలో 58 సార్లు ఆ అయిదింటి వంశం 2003 లోపే అంతరించిపోయింది. ఒకసారి పిల్లలన్నీ మగవే. ఇంకోసారి రెండో ఆడపక్షి మొదటి ఏడే చచ్చిపోయింది. మిగతా 42 సార్లలో నిలదొక్కుకుని వందల్లోకి పెరిగింది. కోడ్ అదే, వానలవే, గింజలవే. ఫలితం మాత్రం రెండు వేరే ప్రపంచాలు. సగటు తీస్తే "2003 నాటికి మాగ్నిరోస్ట్రిస్ సుమారు 90" అని వస్తుంది. అలాంటి దీవి నా రన్‌లలో ఒక్కటి కూడా లేదు. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడర్థమైందా" అంది.

మార్చి 9

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు ఇదే అవుతుందేమో.

2003, 2004లో మళ్లీ కరువు. 1977 లెక్క ప్రకారం ఫోర్టిస్ ముక్కు లావెక్కాలి. దీవి మీద జరిగింది దానికి తలకిందులు. లావు ముక్కు ఫోర్టిస్‌లు ఎక్కువగా చచ్చిపోయాయి, సగటు పడిపోయింది. కారణం మాగ్నిరోస్ట్రిస్. పల్లేరు కాయలు వాటికి ఒక్క నొక్కు పని. అవి పల్లేరుని ఖాళీ చేసేసరికి, పల్లేరు మీదే ఆధారపడిన లావు ముక్కు ఫోర్టిస్‌లకి ఏమీ మిగల్లేదు. చిన్న గింజలతో గడుపుకోగల సన్న ముక్కువి నిలిచాయి. మాగ్నిరోస్ట్రిస్ కూడా చివరికి పదుల్లోకి పడిపోయింది. గ్రాంట్ దంపతులు 2006లో దీన్ని ప్రచురించారు. 2016లో అదే పక్షుల రక్తపు నమూనాల నుంచి, ఈ మార్పులో హెచ్ఎమ్‌జీఏ2 అనే జన్యువు పాత్ర ఉందని స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం బృందంతో కలిసి చూపించారు.

నా కోడ్‌లో మాగ్నిరోస్ట్రిస్‌ని తెచ్చే లైన్ ఒక్కటే. దాన్ని ఆపేసి 2004 కరువు నడిపాను: ఫోర్టిస్ సగటు పైకి పోయింది. ఆ లైన్ మళ్లీ పెట్టి, అవి నిలదొక్కుకున్న రన్‌లు మాత్రం తీసుకుని నడిపాను: సగటు కిందికి వచ్చింది. అదే కరువు, అదే జాతి, అదే కాయ. పక్కన ఎవరున్నారన్నదే తేడా. మూడుసార్లు ఆపి, పెట్టి, ఆపి చూశాను.

మార్చి 17

వారం రోజులుగా ఒకే పక్షి వెనక పడ్డాను.

1981లో డాఫ్నే మీద ఒక మగ పక్షి దిగింది. అక్కడి ఫోర్టిస్‌ల కంటే బాగా పెద్దది, పాట కూడా వేరు. 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. ఫోర్టిస్ ఆడపక్షితో జతకట్టింది. పిల్లలు తండ్రి పాట నేర్చుకున్నాయి. 2003లో మొదలైన కరువుకి ఆ వంశంలో మిగిలింది రెండే, అన్నాచెల్లెలు. అవి ఒకదానితో ఒకటి జతకట్టాయి. అప్పటి నుంచి ఆ వంశం తనలో తనే జతకడుతూ విడిగా నిలబడింది. కొత్త జాతి పుట్టడం మనుషుల కళ్లముందు, రింగు నంబర్లతో సహా నమోదైన సందర్భం ఇది. 2017లో దాని జన్యు కథ వెలువడింది.

మోడల్‌లో ఈ పక్షిని దింపి 500 సార్లు నడిపాను. పాటని బట్టి జతని ఎంచుకునే నియమం కూడా కలిపాను. 500లో 11 సార్లు మాత్రమే 2012 దాకా ఆ వంశం విడిగా మిగిలింది. 213వ రన్‌లో 2004 డిసెంబరుకి ఒక మగది, ఒక ఆడది ఉన్నాయి, కానీ ఆడది తర్వాతి వానాకాలం చూడలేదు. అక్కడితో ఆ వంశం వరుసలు ఆగిపోయాయి. లావు, సన్నం, కరువు, గింజ అన్నీ సరిగ్గా ఉన్నా, ఒక్క వరుస పోతే అంతా పోయింది.

ఏప్రిల్ 3

డాఫ్నే ఫోల్డర్‌ని పక్కన పెట్టి కొత్తది తెరిచాను. ఇన్నాళ్లూ వానా గింజా చంపాయి. ఇప్పుడు మనిషి తెచ్చిన శత్రువు.

ఫిలోర్నిస్ డౌన్సై ఒక ఈగ. దక్షిణ అమెరికా ప్రధాన భూభాగం వైపుది. గలాపగోస్‌లో 1964లో సేకరించిన నమూనాల్లో ఉంది కానీ, ఫించ్ గూళ్లలో దాని పురుగుల్ని గుర్తించింది 1997లో. ఎదిగిన ఈగ పక్షిని ఏమీ చెయ్యదు. గూట్లో గుడ్లు పెడుతుంది. పురుగులు మొదట పిల్లల ముక్కు రంధ్రాల్లో చేరతాయి, ఎదిగాక గూటి అడుగున దాక్కుని రాత్రుళ్లు పైకి వచ్చి రక్తం తాగుతాయి. గూటికి గూడే తుడిచిపెట్టుకుపోతుంది. బతికిన పిల్లకి కూడా ముక్కు రంధ్రం వెడల్పై, ముక్కు వంకరపోవచ్చు. మూడు నెలలు ఆ ముక్కు మిల్లీమీటర్లు లెక్కపెట్టినవాణ్ణి, ఇది చదివిన రోజు కోడ్ ముట్టుకోబుద్ధి కాలేదు.

వెయ్యి కిలోమీటర్ల సముద్రమే ఆ పక్షులకి ఇన్నాళ్లూ కోట. లోపల పెరిగినవాటికి ఈ రకం శత్రువుతో పరిచయమే లేదు. పిల్లల మీద పురుగులు ఎక్కితే తల్లి పక్షి చెయ్యగలిగింది పెద్దగా లేదు.

ఏప్రిల్ 10

శాంతాక్రూజ్ దీవి మీది ఫోర్టిస్‌కి మోడల్ పెట్టాను. ఈగ సోకిన గూటిలో పిల్లలు ఎగిరే దాకా బతికే అవకాశం బాగా తక్కువ, సోకని గూటిలో మామూలు. సోకే గూళ్ల శాతాన్ని ఒక మీటలా పెట్టాను. మీట పైనే ఉంచితే జనాభా కొన్ని దశాబ్దాల్లో సున్నాకి వచ్చేస్తోంది. ఇది నా మోడల్ కనిపెట్టిన సంగతేం కాదు. 2015 చివర్లో వచ్చిన ఒక అధ్యయనం ఈ పక్షి అక్కడ యాభై ఏళ్లలోనే అంతరించే ప్రమాదం ఉందని లెక్కగట్టింది, సోకే గూళ్లు 40 శాతం తగ్గినా గండం గట్టెక్కవచ్చని చెప్పింది. నా మీటని కిందికి లాగుతూ పోతే దాదాపు అక్కడే రేఖ చదునైంది.

మరి ఆ మీటని నిజంగా లాగేది ఎవరు? ఒక పద్ధతి నాకు చాలా నచ్చింది. పరిశోధకులు పురుగుల్ని చంపే పెర్మెత్రిన్ మందు పట్టించిన దూదిని తీగ జాలీ పంజరాల్లో పెట్టి చెట్ల దగ్గర వేలాడదీశారు. ఫించ్‌లు తమంతట తామే ఆ దూదిని పీక్కెళ్లి గూట్లో పేర్చుకున్నాయి. 1 గ్రాము పైన దూది చేరిన గూళ్లలో పురుగులు దాదాపు లేవని 2014లో తేల్చారు.

ఒక గ్రాము దూది ఎంతుంటుందో చూడాలనిపించింది. చిన్న డిజిటల్ త్రాసు మీద కొంచెం కొంచెం వేస్తూ పోయాను. విడదీసి ఉబ్బిస్తే గుప్పిట నిండింది, నొక్కితే నిమ్మకాయంత అయింది. ఫించ్ ఒక్కసారికి ఎంత పట్టుకెళ్తుందో అనుకుని శ్రావణంతో చిటికెడు చిటికెడుగా తీసి పక్కన పెట్టాను. 61 సార్లు పట్టింది. ఒక చిన్న పక్షి 61 సార్లు వెళ్లి రావాలి. దాని పిల్లలు బతుకుతాయి.

ఈ పద్ధతి దీవులన్నిటికీ చాలదు. అందుకే ఈ ఈగ మీదే బతికే కోనురా అన్యులిఫెరా అనే చిన్న కందిరీగని తెచ్చి వదలవచ్చా అని చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రం వాళ్లూ, ఇతరులూ ఏళ్లుగా పరీక్షిస్తున్నారు. బయటి నుంచి వచ్చిన ఒక పురుగు ఇంత నష్టం చేశాక ఇంకోదాన్ని తేవడానికి తొందరపడకపోవడమే సరైన పని.

ఏప్రిల్ 24

మూడో ఫోల్డర్: మడ ఫించ్, కామరింకస్ హీలియోబేట్స్. ఇసబెలా దీవి వాయవ్య తీరంలో రెండు మడ అడవుల ముక్కల్లో మిగిలిన పక్షులు వంద దగ్గర. ఒకవైపు ఎలుకలు, ఇంకోవైపు ఈ ఈగ. 2014 నుంచి కొన్నేళ్లు గూళ్ల నుంచి గుడ్లనీ చిన్న పిల్లల్నీ దించి, శాంతాక్రూజ్‌లోని కేంద్రంలో పొదిగించి, చేత్తో మేపి, తిరిగి తీసుకెళ్లి అదే మడలో వదిలారు. మొదటి ఏడాది అలా వదిలినవి 15. వందకి 15 కలవడం అంటే చిన్న విషయం కాదు.

ఈ ఫైలుకి పక్షుల్ని లూప్‌తో పుట్టించలేదు. వంద వరుసలూ చేత్తో రాశాను, నంబరు 1 నుంచి 100 దాకా. మూడు గంటలు పట్టింది. బతుకు చావుల రేట్లలో చాలావరకు నా అంచనాలే, కాబట్టి వచ్చే అంకెలు ఆ మడ అడవి గురించి జోస్యం కావు.

మే 2

ఒక పరీక్ష. డాఫ్నే ఫైల్లో 1,200 నుంచి నాలుగు ఎదిగిన ఆడపక్షుల్ని తీసేసి 1,000 రన్‌లు నడిపాను. ఏ తేడా లేదు. మడ ఫించ్ ఫైల్లోనూ అదే చేశాను. ఏమీ తియ్యనప్పుడు 50 ఏళ్లలో 1,000కి 287 సార్లు అంతరించాయి. నాలుగు ఆడపక్షులు తీసేస్తే 361. తర్వాత మొదటి అయిదేళ్లలో ఏటా 15 పిల్లల్ని కలిపాను, కానీ ఎలుకల్నీ ఈగనీ ముట్టుకోలేదు: 198. పిల్లల్ని కలపకుండా గూళ్ల నష్టాన్ని మాత్రం సగానికి తగ్గించాను: 64. రెండూ కలిపితే 31.

అక్కకి పట్టిక పంపాను. జవాబుగా ఒకే ప్రశ్న పంపింది: "ఆ 31లో ముందు ఏ నంబర్లు పోయాయి?"

ఆ 31 రన్‌ల లాగ్ ఫైళ్లు తెరిచి కూర్చున్నాను. ఇప్పటికి తొమ్మిది చూశాను. ఏడింటిలో 38వ వరుస మొదటి రెండేళ్లలోనే పోయింది. మూడేళ్ల ఆడపక్షి, జత ఉంది, గూడు ఉంది. మిగతా 22 రేపు చూడాలి.